టెలిఫోనులో పరీక్ష

పెండ్లిచూపులనాడు మన యిండ్లలో జరుగు హడావిడి సోదరీమణులకు మేము వర్ణింపనక్కరలేదు. చాపలు పరచుట, పిల్లకు జడ వేయుట, ఏమడిగిన నేమి చెప్పవలెనో నలుగురు నాలుగు తీరుల బోధించుట, తుదకు పిల్ల నోరు మెదపకుండ తల వంచుకొని కూర్చుండుట, ఇవన్నియు మన మెరిగినవే. ఇప్పుడు అంతకు తీసిపోని పరీక్ష యొకటి మన కుటుంబములలోనికి వచ్చియున్నది. ఇందు చూచువారు కనబడరు. పిల్లయు వారికి కనబడదు. అర్ధగంటకాలము టెలిఫోనులో వినవచ్చు కంఠస్వరమును బట్టియే ఆమె యోగ్యత నిర్ణయింపబడును. అమెరికాలో చదువుకొను మన బాలికలు, చదువు నడుమ కొన్ని నెలలు కర్మాగారములలోను కచ్చేరీలలోను పని నేర్చుకొనుటకు పోవలెనన్నచో, తరచుగా ముందీ ద్వారమును దాటవలసి యుండును.

2023వ సంవత్సరమున మేము ఒహాయో రాష్ట్రమందు మా కుమారుని యింట నాలుగు మాసములుంటిమి. మా చెల్లెలి కుమార్తె ఆ యూరనే రసాయన ఇంజనీరింగులో ఎం.ఎస్. చదువుచుండెను. ఆమెకు ఇట్టి పరీక్షలు రెండు జరుగగా మేము దగ్గరనుండి చూచితిమి. ఒకటి చెడినది, ఒకటి నిలిచినది. చెడిన దానిలో మా చేయియు కొంత యున్నది గనుక దాచక వ్రాయుచున్నాము.

చదువును పనియు కలిపి నేర్పు నీ పద్ధతిని అచ్చట కో-ఆప్ అందురు. దీని పుట్టినిల్లు ఒహాయో రాష్ట్రమే. సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడరను ఆచార్యుడు 1906లో 27 గురు విద్యార్థులతో దీనిని ప్రారంభించెను. ఆయన అంతకుముందు లీహై విశ్వవిద్యాలయమున పనిచేయుచు, ఒకనాటి సాయంకాలము షికారు పోవుచుండగా ప్రక్కనున్న ఉక్కు కార్ఖానా కొలిమి మ్రోత విని, బడికి ఇంత దగ్గర పనిశాల యుండగా పిల్లలకు నల్లబల్లమీద బొమ్మలు చూపుట యేల యని తలచెనని చెప్పుదురు. విద్యార్థులను జతలుగా విభజించి, ఒక వారము ఒకడు తరగతిలో నుండగా రెండవవాడు కార్ఖానాలో పనిచేయునట్లును, మరువారము ఇరువురు స్థానములు మార్చుకొనునట్లును ఏర్పాటు చేసెను. విశ్వవిద్యాలయపు పెద్దలు ఒక్క యేడు మాత్రము ప్రయత్నించి చూడుమనియు, విఫలమైనచో ఆ పూచీ తమది కాదనియు చెప్పి అనుమతించిరట! ఆ యొక్క యేడు నూరేండ్లు దాటినది. 1909లో బోస్టనునందలి నార్త్‌ఈస్టరన్ దీని నవలంబించెను. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయము 1957లో ఈ పద్ధతి పునాదిగనే వెలసినది. ఇప్పుడు వారముల లెక్క పోయి, నాలుగు నుండి ఆరు మాసములు పనియు, తక్కిన కాలము చదువుగా సాగుచున్నది. పనికి జీతమును ఇత్తురు. అప్పు చేసి పంపిన తలిదండ్రులకు ఆ జీతమెంత ఊరటయో వేరుగ చెప్పనేల?

పరదేశపు విద్యార్థులకు ఇందొక చిక్కు గలదు. విద్యార్థి వీసాతో పోయినవారు సాధారణముగా ఒక విద్యాసంవత్సరము నిండిన పిమ్మటనే ఇట్టి పనికి అర్హులు. విశ్వవిద్యాలయమున పరదేశ విద్యార్థులకై యున్న కార్యాలయమువారు ఆ సంస్థపేరు, తేదీలు కాగితమున చేర్చి యిచ్చిన తరువాతనే పనిలో అడుగు పెట్టవలెను. ఒక్కదినము ముందు చేరినను తప్పే. ఇట్టి పని పూర్తికాలముగా పండ్రెండు మాసములు చేసినచో, పట్టము పొందిన పిమ్మట దొరకవలసిన యేడాది పని యనుమతి పోవును. ఇది తెలియక ఎక్కువ నెలలు పనిచేసి, తరువాత వగచినవారు కలరు. నిబంధనలు మారుచుండును గావున, ఆ కార్యాలయమువారినే యడుగుట మేలు.

ఇక మొదటి పరీక్ష కథ. రంగులు తయారుచేయు నొక సంస్థవారు మా పిల్లకు ఈమెయిలు వ్రాసి, ఫలానా దినమున పగలు పదునొకండు గంటలకు టెలిఫోను చేయుదుమనిరి. ఆనాడు మేము కూరలు గిన్నెలలో పెట్టుకొని ఆమె యద్దెయింటికి పోతిమి. పదునొకండుకు పది నిమిషములుండగనే ఆమె కాగితములు ముందుంచుకొని కూర్చుండెను. పదునొకండైనది. పావు గడచెను. అర్ధగంటయు గడచెను. టెలిఫోను మ్రోగలేదు. పిల్ల మొగము చిన్నబోయినది. "పోనిమ్మమ్మా, మరచియుందురు, భోజనము చేయు"మని మేమే ఓదార్చి, పప్పు చాలదని కుక్కరును పొయ్యిమీద పెట్టితిమి.

సరిగా పండ్రెండు గంటలకు టెలిఫోను మ్రోగినది. ఆ సంస్థవా రుండునది షికాగో ప్రాంతము. అచ్చటి కాలము ఒహాయో కాలమునకు ఒక గంట వెనుక. వారి పదునొకండు మనకు పండ్రెండు. ఈమెయిలులో గంట ప్రక్కనే ఆ సంగతి రెండక్షరములలో వ్రాసియే యున్నదట, పిల్ల చూడలేదు. ఆమె యెంగిలిచేతితో టెలిఫోను పట్టుకొని గదిలోనికి పరుగెత్తెను. మేము కుక్కరు దించబోవునంతలో అది మూడు కూతలు కూసినది. అంతటితో పోలేదు. కాకినాడలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. పదునొకండుకే పరీక్ష గదా, ఈపాటికి ముగిసియుండునని లెక్కించుకొని మా చెల్లెలు, ఎట్లు జరిగినదో తెలిసికొనవలెనని అదే క్షణమున వాట్సాప్‌లో పిలువసాగెను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పిలుపు వచ్చినప్పుడెల్ల పిల్ల చెవిలో టిక్కుటిక్కుమని చప్పుడు. అవతలివాని ప్రశ్న సగము వినబడుట, ఈమె మరల చెప్పుడని యడుగుట, ఇట్లే పదునెనిమిది నిమిషములలో పరీక్ష ముగిసినది. నాలుగు దినములకు మర్యాదగా తిరస్కారము వచ్చినది.

ఆ రాత్రి మా చెల్లె లేడ్చినది. తన ప్రేమయే బిడ్డకు అడ్డుపడెనని దాని బాధ. కుక్కరు మాట మేము చెప్పగా కొంత శాంతించినది. ఒకరి తప్పు ఇద్దరు పంచుకొన్నచో భారము తగ్గును గదా.

రెండవ అవకాశము మూడు వారములకు వచ్చెను. ఈ నడుమ మా కుమారుని స్నేహితుడొకడు వచ్చి, "ఇంత శ్రమ యెందుకండీ, మాటనేర్పరియైన యమ్మాయి నొకతెను నేను కుదిర్చెదను. మీ పిల్ల పేరుతో ఆమెయే మాటలాడును. ముఖము కనబడదు గదా" యని సలహా చెప్పెను. ఇట్టి దుర్విద్య మనవారిలో కొందరు నేర్చియున్నారు. పేరొకరిది, గొంతు మరియొకరిది. బయటపడినచో పని పోవుట అటుండనిండు, చదువునకును వీసాకును ముప్పు. బయటపడకున్నను, ఆ గొంతు చూచి కోరుకొన్నవారి యెదుట రేపు ఈ పిల్ల పోయి నిలువవలెను. మేము కోపపడి యేదో అనబోవుచుండగా పిల్లయే "నా గొంతు బాగులేదని చెప్పిరా అన్నయ్యా?" అని మెల్లగా అడిగెను. ఆతడు కాఫీ త్రాగి వెడలిపోయెను.

గొంతు మాట వచ్చినది గనుక టెలిఫోను గుణమును గూర్చి కొంచెము చెప్పవలెను. చాలకాలముగా టెలిఫోను మన కంఠమును పూర్తిగా మోయుటలేదు. సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములను మాత్రమే అది తీసికొనిపోవునట్లు ఏర్పరుపబడినది. ఇంగ్లీషులో స, ఫ ధ్వనుల పదునంతయు 4,000 పైని కంపనములలో నున్నది. అందుచే నీ రెండును అవతలి చెవికి ఒక్కటిగనే తోచును. బ, డ, ప లకును ఇట్టి చిక్కే. నూతన పరికరములు 7,000 వరకు మోయగలవు గాని, రెండువైపులను నడుమదారియు అనుకూలించిననే అట్లగును. కాబట్టి మన పేర్లను అక్షరమక్షరముగా చెప్పునపుడు, "బోస్టనులోని బి, శామ్‌లోని యెస్" అని తెలిసిన మాటతో జోడించి చెప్పుట నేర్పితిమి. "పదునైదు", "ఏబది" అను అంకెలు ఇంగ్లీషున దగ్గరగా వినబడును. అంకె చెప్పి, విడివిడిగా "ఒకటి, అయిదు" అని మరల చెప్పిన పొరపాటుండదు.

ఇంకొక సంగతి. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రకటించిన శాస్త్రజ్ఞులు, ఒకరి మాట ముగిసి రెండవవారి మాట మొదలగుటకు నడుమ వ్యవధి సగటున సెకనులో నైదవవంతు మాత్రమేయని కనుగొనిరి. టెలిఫోనులో మాట చేరుటకే అంతపాటి ఆలస్యము పట్టవచ్చును. అందుచే ఎదుటివారు ముగించిరని తలచి మనము ప్రారంభింపగా, వారి తోకమాట మన తలమాటను ఢీకొనును. ఇరువురును ఆగుదురు, ఇరువురును మరల ఒక్కసారి ప్రారంభింతురు. దీనికి మనవారి ఊకొట్టు నలవాటు తోడైనది. కథ వినునప్పుడు ఊకొట్టనిచో చెప్పువానికి ప్రాణము పోయినట్లుండును. టెలిఫోనులో మాత్రము ఆ "ఊఁ" ఆలస్యముగా చేరి చెప్పువాని నోరు మూయును. ప్రశ్న ముగిసిన పిమ్మట ఒక ఊపిరి తీసికొని అటుపై పలుకుమని పిల్లకు చెప్పితిమి. ఊపిరి తీసికొను వ్యవధిలో ఆలోచనయు కూడుకొనును. నవ్వుచు పలికిన మాట కనబడకున్నను వినబడును. పెదవులు సాగినప్పుడు నోటి కుహరము కురుచయై ధ్వని మారును. మా మాట నమ్మనివారు కన్నులు మూసికొని ఇంటివారి మాట విని చూడవచ్చును.

అసలు కష్టము వేరొకచోట నున్నది. ఈ పరీక్షలలో "మీరు తెలివైనవారా" యని యెవరు నడుగరు. "మీకు కష్టము వచ్చిన సందర్భ మొకటి చెప్పుడు. అప్పుడు మీరేమి చేసితిరి?" అని యడుగుదురు. దీనికి సందర్భము, తన బాధ్యత, తాను చేసినది, ఫలితము అను వరుసలో రెండు మూడు నిమిషములలో చెప్పుమని అచ్చటి విద్యార్థులకు నేర్పుదురు. మేము మేడమీదనుండి టెలిఫోను చేసి, క్రిందిగదిలో నున్న పిల్లను పరీక్షించితిమి. మాకు రసాయనశాస్త్రము రాదు. ప్రశ్న వేయుట వచ్చును.

"నీవు చేసిన పని యొకటి చెప్పు" మంటిమి.

"మేము వాడిన నూనెనుండి బయోడీజిలు చేసితిమి, దొడ్డమ్మా."

"మేమనగా ఎవరు?"

"నలుగురము, కాలేజీలో."

"అందు నీవేమి చేసితివి?"

చాలసేపు మాట లేదు. తీగ తెగెనేమో యనుకొంటిమి. పిమ్మట చిన్నగొంతుతో, "నేను నూనె తెచ్చితిని" అనెను.

మన పిల్లల పెంపకమున ఉన్న గుణమిది. "నేను" అనుట గర్వమని, "మేము" అనుట మర్యాదయని మనమే నేర్పితిమి. ఈ వ్యాసమంతటను మేమును "మేము" అనియే వ్రాయుచున్నాము, అది పత్రికల మర్యాద. టెలిఫోను కావలనున్న వానికి మాత్రము ఆ "మేము"లో నీ పిల్ల యేదో తెలియదు. నలుగురికి పని యిచ్చుటకు వాడు పిలువలేదు.

నూనె యెక్కడిదని అడిగితిమి. కాకినాడలో మూడు బజ్జీల బండ్లనుండి సీసాలతో తెచ్చెనట. దానిలో మిథనోలు, క్షారము కలిపి కాచిన డీజిలు వేరుపడవలెను. అట్లుగాక ఒకొక్కసారి పాత్రయంతయు సబ్బునురుగయ్యెనట. తక్కిన మువ్వురు తూకములో తప్పని వాదించుకొనుచుండగా, ఈ పిల్ల సీసాలన్నిటిని ఒకే పాత్రలో పోయుట మానిపించి, బండి బండికి వేరుగా చీటీలంటించి, ఒక్కొక్క దానిలో పులుపెంతయున్నదో క్షారపు బొట్లు లెక్కించి చూచినది. ఒక బండివాడు నాలుగు దినములు మరిగిన నూనెను పోయుచుండెను. పిండిలోని తడి తగిలి పలుమారు కాగిన నూనెలో ఆమ్లములు విడివడును. అవి క్షారముతో కలిసిన సబ్బే యగును. మన మూకుట్లోని నూనె నాలుగవ వాయికి నురుగెత్తుట చూడనివారెవరు? ఆ బండి నూనెను వేరుచేసిన పిమ్మట పని కుదిరెను.

"ఇంత సంగతి యిన్నాళ్లు చెప్పవేమే?" యంటిమి.

"నూనె మోయుట గొప్పయా, దొడ్డమ్మా? లెక్కలన్నియు వారు వేసిరి."

ఆ రాత్రి నూనె కథను నాలుగుసార్లు చెప్పించితిమి. మొదటిసారి తొమ్మిది నిమిషములు పట్టెను. నాలుగవసారికి రెండున్నరకు దిగెను. కాగితము చూచి చదివినచో వెంటనే తెలిసిపోవును, చదువు గొంతు వేరు, మాట గొంతు వేరు. అందుచే పూర్తి వాక్యములు వ్రాయనీయక, చేతి వెడల్పు కాగితముపై "మూడు బండ్లు, నురుగు, చీటీలు, బొట్లు" అని నాలుగు మాటలు మాత్రము వ్రాయించితిమి.

మా చెల్లెలికి వేరొక భయముండెను. పెండ్లి యెప్పుడని యడిగెదరేమో, ఏమి చెప్పవలెనని కాకినాడనుండి రోజును ప్రశ్నయే. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టము స్త్రీయను కారణమున ఉద్యోగములలో భేదము చూపుటను నిషేధించినది. 1978లో గర్భవతుల రక్షణయు దానిలో చేరినది. అందుచే వివాహము, సంతానము గూర్చిన ప్రశ్నలను తెలిసినవారు మానుకొందురు. ఎవరైన అడిగినను, పనికి నేను సిద్ధముగా నున్నానని చెప్పి మాట మరల్పవచ్చును. ఈ దేశమున పనిచేయుటకు అధికారము కలదా, ముందుముందు వీసాకు మా తోడ్పాటు కావలసియుండునా అను రెండు ప్రశ్నలు మాత్రము వారడుగవచ్చును, తరచుగా అడుగుదురు. ఆ రెంటికి ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే దారి. ఇది భయపడి దాచదగిన సంగతి కాదు.

ఈమారు కాలమును ముగ్గురము లెక్కించితిమి. వారి యొంటిగంట, మన రెండు, కాకినాడలో రాత్రి పదునొకండున్నర. నవంబరు మొదటి ఆదివారమున అమెరికావారు గడియారములను గంట వెనుకకు, మార్చి రెండవ ఆదివారమున ముందునకు జరుపుదురు. మన దేశమున అది లేదు. కాబట్టి ఇండియాకును అచ్చటి తూర్పు ప్రాంతమునకును గల తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు. ఇంట పిల్ల దూరమున నున్నవారు ఈ రెండంకెలను క్యాలెండరుపై వ్రాసికొనుట మంచిది. మా చెల్లెలు వంటయింటి గోడకు రెండవ గడియారమే తగిలించెను.

పరీక్ష దినమున పిల్ల విశ్వవిద్యాలయపు గ్రంథాలయములో తలుపు మూసికొను చిన్నగది యొకటి ముందుగా అడిగి యుంచుకొనెను. టెలిఫోనులో ఇతర పిలుపులు రాకుండ కట్టడి చేసికొనెను. నీళ్లగ్లాసు, చీటీ, గడియారము, అంతే. మేము బయట బల్లమీద కూర్చుంటిమి. అద్దములోనుండి ఆమె కనబడుచుండెను గాని మాట వినబడదు. తొలుత కుర్చీ యంచున బిగిసి కూర్చుండినది. కొంతసేపటికి లేచి నిలుచుండి, ఒక చేయి త్రిప్పుచు మాటలాడసాగెను. సీసా వంచుచున్నట్లు చేయి వంచినప్పుడు, కథ బండ్లదగ్గరకు వచ్చినదని గ్రహించితిమి. అర్ధగంట యనుకొన్నది నలుబదియొక నిమిషములు పట్టినది.

అవతల ప్రశ్నించినది ఒక స్త్రీ. చెడిన నూనె పోసిన బండివానిని తరువాత మానివేసితిరా యని ఆమె యడిగెనట. మానలేదనియు, ఏ దినమున నూనె మార్చుచున్నాడో అడిగి తెలిసికొని ఆ దినముననే పోయి తెచ్చుచుంటిననియు ఈ పిల్ల చెప్పినది. ఇది మాతో నాలుగుసార్లు చెప్పినప్పుడును చెప్పని సంగతి. తుదకు, అడుగవలసిన దేమైన గలదా యనగా, మొదటి వారమున నాకు పని నేర్పువారెవరని యడిగినదట. ఆ ప్రశ్నకు ఆమె నవ్వి, "నేనే" అనెనట.

కాకినాడలో అప్పటికి అర్ధరాత్రి దాటినది. పిల్ల పిలిచిన తొలి మ్రోతకే మా చెల్లెలు ఎత్తి, "నూనె సంగతి చెప్పితివా?" అని యడిగినది. అంతవరకు ఆమె తానై పిలువలేదు. చేయి దుడుకుతనమునకు ఓర్వలేక టెలిఫోనును బియ్యపుడబ్బాలో పెట్టి కూర్చుంటినని తరువాత మాతో చెప్పి నవ్వినది.

తొమ్మిదవనాడు ఉత్తరము వచ్చినది. కాగితములన్నియు జరిగి, ఆగస్టులో పిల్ల పనిలో చేరెను. మొదటి వారమంతయు ఆమెకు అప్పగించిన పని, పీపాలలో వచ్చిన ముడిసరకును కొంచెము కొంచెముగా సీసాలలోనికి తీసి, ఏది యే పీపాదో చీటీ యంటించి, పరీక్షశాలకు మోయుటయేనట.